ఫ్యాన్ వేగం పెంచితే రైటింగ్ తగ్గింది: ఒక స్టోరేజ్ కూలింగ్ పేటెంట్ కేసు

ఎలక్ట్రానిక్ పరికరాలను చల్లబరిచే పద్ధతికి పేటెంట్ కావాలని వచ్చేవాళ్లు చాలామంది ఒకే తరహా బొమ్మ గీసుకుని వస్తారు. ఒక ఫ్యాను, ఒక టెంపరేచర్ సెన్సర్, ఒక కంట్రోలర్, వాటి మధ్య బాణం గుర్తులు. ఆ బొమ్మకు పేటెంట్ రాదు. అలాగని వాళ్ల దగ్గర కొత్త సంగతి లేదని కూడా కాదు. చాలాసార్లు ఉంటుంది, కానీ అది ఆ బొమ్మలో ఉండదు. అది ఎక్కడ ఉంటుందో, ఎలా వెతకాలో ఈ కేసు బాగా చూపిస్తుందని రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో పేటెంట్ ఏజెంటుగా ప్రాక్టీసు చేస్తున్నాను, చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. క్లయింటు అనుమతి తీసుకున్నాకే ఇది రాస్తున్నాను. మనుషులు, కంపెనీ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. మెషీను కొలతలు మార్చాను, కానీ మార్చిన కొలతలకు లెక్క సరిపోయేలా చూశాను. కావాలంటే ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

నేపథ్యం

సీసీ కెమెరాల వీడియోను నెలల తరబడి దాచిపెట్టే స్టోరేజ్ బాక్సులు తయారుచేసే చిన్న కంపెనీ ఇది. ఫౌండర్లు ముగ్గురూ ఇంజినీర్లే. వాళ్ల బాక్సు ర్యాక్‌లో నాలుగు యూనిట్ల ఎత్తు ఆక్రమిస్తుంది. అందులో 60 హార్డ్ డ్రైవులు, వరసకు 12 చొప్పున ఐదు వరసలుగా నిలబడి ఉంటాయి. ఐదో వరస వెనక ఫ్యాన్ల గోడ, దాని వెనక మదర్‌బోర్డు, పవర్ సప్లై. ఫ్యాన్లు ముందు నుంచి గాలి లాగి, అన్ని వరసల మీదుగా తీసుకొచ్చి వెనక్కి తోస్తాయి.

ఒక్కో డ్రైవ్ 8 వాట్లు తింటుందనుకుంటే మొత్తం 480 వాట్ల వేడి. నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి పోతుంటే, ఐదో వరసకు అందే గాలి మొదటి వరసకు అందే గాలికంటే సుమారు 7 డిగ్రీలు వేడిగా ఉంటుంది. ఏసీ సరిగా లేని గదిలో, మన వేసవిలో, ఆ 7 డిగ్రీలు చాలా ఎక్కువ. మామూలుగా హార్డ్ డ్రైవ్ తయారీదార్లు పెట్టే పైహద్దు 60 డిగ్రీలు. ఐదో వరస ఆ హద్దుకు దగ్గరగా నడుస్తోందని క్లయింటు గాభరా.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డ్రైవుల మీద చేసిన అధ్యయనంలో, వేడికీ డ్రైవ్ పాడవడానికీ మధ్య అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనపడలేదు. అందుకే మొదటి మీటింగులోనే అడిగాను, అసలు ఇంత చల్లబరచాల్సిన అవసరం ఉందా అని. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినరు అడిగే ప్రశ్నే అది. కస్టమర్లు కాంట్రాక్టులో టెంపరేచర్ హద్దు రాయించుకుంటారని వాళ్లు చెప్పారు. సరే, అవసరం నిజమైనదే.

వచ్చిన సమస్య

వాళ్లు తెచ్చిన డ్రాఫ్టులో ప్రధాన క్లెయిమ్ (దేని మీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యం) ఇది: వరసకొక టెంపరేచర్ సెన్సర్ పెట్టి, దాన్ని బట్టి ఫ్యాన్ల వేగం మార్చే స్టోరేజ్ పరికరం. దానితోపాటు ఒక తొందర. త్వరలో ఒక ట్రేడ్ ఎక్స్‌పోలో బాక్సు పెడుతున్నారు, బ్రోషర్ ప్రింటుకు కూడా వెళ్లింది. ఇంకోవైపు ఒక కస్టమరు దగ్గర బాక్సు ట్రయల్‌లో నడుస్తోంది.

ముందు తేల్చుకోవాల్సింది తేదీల సంగతి. మన పేటెంట్ చట్టంలో ప్రదర్శనలకు సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉంది కానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే. వీళ్లు వెళ్లే ఎక్స్‌పో అందులోకి రాదు. కస్టమరు దగ్గర ట్రయల్‌కు సెక్షన్ 32 ఉంది. ఆవిష్కరణ స్వభావాన్ని బట్టి బయట నడిపి చూడక తప్పనప్పుడు, కేవలం పరీక్ష కోసం, ప్రయారిటీ తేదీకి (కొత్తదనాన్ని ఏ తేదీ నుంచి లెక్కిస్తారో ఆ తేదీకి) ముందు ఏడాది లోపల నడిపితే, ఆ ఒక్క కారణంతో కొత్తదనం పోదు. ఆ ట్రయల్ నిజంగా ట్రయలేనని చూపే ఈమెయిళ్లు, డబ్బు తీసుకోలేదన్న రుజువు జాగ్రత్త చేయించాను. ఇలాంటి సెక్షన్ల మీద ఆధారపడి ఫైలింగ్ వాయిదా వేయడం నాకు ఇష్టం ఉండదు. అవి పడిపోయాక పట్టుకునే తాళ్లు. ఎక్స్‌పోకు ముందే ప్రొవిజనల్ (తేదీ కోసం ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు) వేయాలని నిర్ణయించాం.

అయితే ఏం రాసి వేయాలి? ప్రొవిజనల్ అంటే ఏదో ఒకటి వేసి తేదీ పట్టుకోవడం అనుకుంటారు చాలామంది. ప్రొవిజనల్‌లో చెప్పిన విషయానికే ఆ తేదీ దక్కుతుంది. 12 నెలల్లో వేసే కంప్లీట్ స్పెసిఫికేషన్‌లో (క్లెయిమ్‌లతో సహా ఆవిష్కరణ పూర్తి వివరణలో) కొత్తగా చేర్చిన అంశానికి కొత్త తేదీయే. ఈలోగా ఎక్స్‌పో అయిపోతుంది. కాబట్టి ఆ బాణం గుర్తుల బొమ్మతో ప్రొవిజనల్ వేస్తే, నిజమైన ఆవిష్కరణకు రక్షణ లేకుండానే బాక్సును జనం ముందు పెట్టినట్లు. ముందు వెతుకుదాం, ల్యాబ్ చూస్తాను, ఆ తర్వాతే రాద్దాం అన్నాను. ఎక్స్‌పో దగ్గర పడుతోంది కదా అని వాళ్లకు టెన్షన్. అయినా ఒప్పుకున్నారు.

వెతికితే దొరికినవి

టెంపరేచర్‌ను బట్టి ఫ్యాన్ వేగం మార్చడం మీద పాత పేటెంట్లు కుప్పలుగా ఉన్నాయి. హెచ్05కె 7/20 అనే క్లాసులోకి వెళ్తే ఎలక్ట్రానిక్ పరికరాల కూలింగ్ అంతా వస్తుంది. వరసలవారీగా, జోన్లవారీగా వేగం మార్చడం కూడా అక్కడే దొరికింది. వాళ్ల ప్రధాన క్లెయిమ్‌లో మిగిలింది ఏమీ లేదు.

ఇలాంటప్పుడు ఫౌండర్లు తరచుగా "అవి సర్వర్లకు మేడమ్, మాది స్టోరేజ్" అంటారు. వీళ్లూ అన్నారు. హీట్ పైప్ (లోపలి ద్రవం ఆవిరై, మళ్లీ ద్రవంగా మారుతూ వేడిని మోసే మూసిన గొట్టం) సంగతి చెప్పాను. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దాన్ని తయారుచేసి ఆ పేరు పెట్టాడు. కానీ అదే సూత్రం మీద జనరల్ మోటార్స్‌కు చెందిన రిచర్డ్ గాగ్లర్‌కు 1944లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. అతను చూసింది రిఫ్రిజిరేటర్ వైపు నుంచి, గ్రోవర్ పని అంతరిక్షానికి పనికొచ్చే అణువిద్యుత్తు వైపు. రంగం వేరు కాబట్టి పాత కాగితం పనికిరాదు అనుకోవడానికి వీల్లేదు.

వెతుకులాటలో నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి. డేటా స్టోరేజ్ పేటెంట్లకు జీ11బీ 33 అనే విభాగం ఉంది. అందులో 33/14 వేడి, తేమ, దుమ్ము లాంటి వాటి ప్రభావం తగ్గించడం గురించి. 33/08 కంపనాలను, ధ్వనిని ఆపడం గురించి. ఒకే డ్రైవు బాక్సు గురించిన ఈ రెండు గుంపుల కాగితాలు ఒకదానితో ఒకటి దాదాపు మాట్లాడుకోవు. కూలింగ్ వాళ్లకు చప్పుడు అంటే గదిలో మనుషులకు ఇబ్బంది. డ్రైవుల వాళ్లకు ఫ్యాను అంటే బయటి నుంచి వచ్చే గొడవ, దాని వేగం తమ చేతిలో లేదు. ఈ గమనిక నోట్ చేసుకుని ల్యాబ్‌కు వెళ్లాను.

ల్యాబ్‌లో ఒక రిజిస్టరు

నేను ల్యాబ్‌కు వెళ్తే మెషీను కంటే ముందు టెస్టు రికార్డులు అడుగుతాను. నున్నగా చేసిన ఎక్సెల్ షీటు వద్దు, చేత్తో రాసింది ఉంటే ఇవ్వమంటాను. ఇక్కడ ఒక పొడవాటి రిజిస్టరు ఇచ్చారు. ఎర్రగీతల పేజీల్లో ఫ్యాన్ వేగం, ఐదు వరసల టెంపరేచర్లు, సెకనుకు ఎన్ని మెగాబైట్లు రైట్ అవుతున్నాయి అన్న కాలమ్‌లు. రాసింది డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరిన టెస్ట్ ఇంజినీరు. మార్జిన్లో పెన్సిల్‌తో చిన్న చిన్న మాటలు: "9000 బాగుంది", "9800 వద్దు", కొన్ని పేజీల తర్వాత "వేడెక్కాక 9300 బాగుంది, 9000 కాదు".

ఆ కాలమ్‌ల ప్రకారం ఐదో వరస వేడెక్కితే కంట్రోలరు ఫ్యాన్ల వేగం పెంచుతోంది. వేగం పెరిగాక ఆ వరసలోనే రైటింగ్ పడిపోతోంది. టెంపరేచర్ తగ్గాల్సినంత తగ్గడం లేదు. తగ్గలేదని కంట్రోలరు ఇంకా వేగం పెంచుతోంది.

ఫౌండర్లకు ఈ సంగతి తెలుసు. దాన్ని వాళ్లు బగ్గుగా చూశారు, ఫర్మ్‌వేర్‌లో సరిచేసేశామని చెప్పారు. పేటెంట్ మీటింగులో దాని ప్రస్తావనే రాలేదు. నా అనుభవంలో ఆవిష్కరణ ఉండేది తరచుగా ఇక్కడే, మెషీను చెప్పిన మాట విననిచోట.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే డ్రైవ్ లోపల ఏముందో గుర్తు చేసుకోవాలి. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో, తొలి హార్డ్ డిస్కులో, అంగుళానికి 20 ట్రాకులు (డేటా రాసే వలయాలు). ఇప్పటి డ్రైవుల్లో అంగుళానికి లక్షల్లో. 5 లక్షలు అనుకుంటే ఒక్కో ట్రాకుకు దక్కే వెడల్పు 51 నానోమీటర్లు. రాసేటప్పుడు హెడ్ (డిస్కు మీద డేటా రాసే, చదివే భాగం) అందులో చిన్న వాటా పక్కకు జరిగినా డ్రైవ్ రాయడం ఆపి, డిస్కు మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగి, తిరిగి ప్రయత్నిస్తుంది. ఫ్యాన్ల నుంచి వచ్చే ధ్వని ఆ మాత్రం కదలిక తేగలదు. ఇలా పని పూర్తికాకుండా సాగుతున్నకొద్దీ డ్రైవ్‌కు ఖాళీ దొరకదు, హెడ్‌ను కదిపే భాగం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. పైగా అన్నిటికంటే వేడిగా ఉండే ఐదో వరసే ఫ్యాన్లకు అన్నిటికంటే దగ్గర. దాని కోసం పెంచిన వేగం దెబ్బ తగిలేదీ దానికే.

అయితే ధ్వని డిస్కును నెమ్మదింపజేస్తుందన్న సంగతి కొత్తది కాదు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచి, అవి ఆలస్యమవడం గ్రాఫులో చూపించాడు. 2016లో బుఖారెస్ట్‌లో ఒక బ్యాంకు డేటా సెంటర్లో అగ్నిమాపక వ్యవస్థను పరీక్షిస్తే, గ్యాసు వదిలిన మోతకు హార్డ్ డ్రైవులు పాడయ్యాయి. కాబట్టి "ఫ్యాన్ చప్పుడు డ్రైవ్‌కు చెడ్డది" అన్నంత వరకే రాసుకుంటే మళ్లీ పాత కథే అవుతుంది. నాకు పట్టు దొరికింది మార్జిన్లోని మూడో మాట దగ్గర.

ఆ టెస్ట్ ఇంజినీరును అడిగాను, వేడెక్కాక 9300 అని ఎందుకు రాశావమ్మా అని. "మెషీను అప్పుడే ఆన్ చేస్తే 9000 దగ్గర రైటింగ్ బాగుంటుంది మేడమ్. లోపల వేడెక్కేకొద్దీ ఆ మంచి స్పీడు పైకి జరుగుతుంది. రోజూ అంతే. ఎందుకో తెలీదు" అంది. ఇంకొకటి కూడా చెప్పింది. ఫ్యాన్లకూ ఐదో వరసకూ మధ్య గాలిని సమానంగా పంచే ప్లేటు ఒకటుంది. ఆ ప్లేటు అంచుల్లో కేబుళ్ల కోసం వదిలిన అరలున్నాయి. ఒక చివర మూసి, ఒక చివర తెరిచి ఉంటాయి. అనుమానం వచ్చి వాటి నోళ్లకు ప్యాకింగ్ టేపు అంటించి చూసిందట. టేపు అంటిస్తే మంచి స్పీడు అనేదే లేకుండా పోయింది, తీస్తే మళ్లీ వచ్చింది. ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసిన పరీక్ష అది.

అర లోతు కొలిచాం. 8.2 సెంటీమీటర్లు. అక్కడే లెక్క వేశాం. ఆ ఫ్యానుకు ఏడు రెక్కలు. నిమిషానికి 9000 చుట్లంటే సెకనుకు 150, ఏడు రెక్కలతో గుణిస్తే 1050. అంటే ఫ్యాను పాడే ప్రధాన స్వరం 1050 హెర్ట్జ్. 20 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. 1050 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 32.7 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 8.2. ఒక చివర మూసిన అర, తన లోతుకు నాలుగు రెట్ల పొడవున్న తరంగాన్ని అణిచేస్తుంది. కేబుళ్ల కోసం వదిలిన అరలు ఆ ఒక్క వేగం దగ్గర ఫ్యాన్ మోతను మింగేస్తున్నాయి. గాలి 40 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం 355 అవుతుంది. అదే అర ఇప్పుడు అణిచే స్వరం 1085 దగ్గర, దానికి సరిపోయే ఫ్యాన్ వేగం 9300. మార్జిన్లో పెన్సిల్‌తో రాసిన అంకె అదే.

ఇన్వెంటర్ ఎవరు?

వాళ్లు తెచ్చిన ఫారంలో ఇన్వెంటర్లుగా ముగ్గురు ఫౌండర్ల పేర్లున్నాయి. ఆ అమ్మాయి పేరు కూడా చేర్చాలన్నాను. "ఆమె రీడింగులే కదా తీసింది మేడమ్" అన్నారు ఒకరు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, చాలా కంపెనీల్లో అలాగే అనుకుంటారు.

చెప్పిన పని చెప్పినట్లు చేసి రీడింగులు రాసిన మనిషి ఇన్వెంటర్ కాదు, నిజమే. ఈమె చేసింది అది కాదు. మంచి వేగం జరుగుతోందని గుర్తించింది, కారణం అరల్లో ఉందేమోనని ఊహించింది, ఆ ఊహను పరీక్షించే పద్ధతి తనే తయారుచేసుకుంది. ఆవిష్కరణకు గుండెకాయ అయిన ఆలోచనలో ఆమెకు పాలుంది. కారణం భౌతికశాస్త్రం భాషలో చెప్పలేకపోయినంత మాత్రాన అది పోదు. న్యాయం సంగతి అటుంచితే కంపెనీకి కూడా ఇదే క్షేమం. నిజమైన ఇన్వెంటర్ నుంచి హక్కు రాతపూర్వకంగా బదిలీ కాకపోతే, రేపు ఆ పేటెంట్‌తో ఎవరినైనా ఆపాలనుకున్నప్పుడు అవతలివాళ్లు మొట్టమొదట లాగే దారం అదే. నాలుగో ఇన్వెంటర్‌గా ఆమె పేరు చేర్చి, నలుగురి నుంచీ కంపెనీకి హక్కుల బదిలీ రాయించాం. ఈమధ్య, 2024 రూల్స్ సవరణ తర్వాత, ఇన్వెంటర్లు ఫారం 8ఏ వేసి విడిగా సర్టిఫికెట్ తీసుకునే వీలు కూడా వచ్చింది.

ఎక్స్‌పోకు ముందే ప్రొవిజనల్ వేశాం. అందులో అరల లోతు, రెక్కల సంఖ్య, ఫ్యాన్ వేగం, గాలి టెంపరేచర్ మధ్య సంబంధాన్ని పూర్తిగా రాశాను. టేపు పరీక్షను కూడా వర్ణించాను. బ్రోషర్లోంచి ప్లేటు ఫొటో తీసేయించాం. అమెరికాలో కూడా వేయాలన్న ఆలోచన వాళ్లకు ఉండటంతో, సెక్షన్ 39 ప్రకారం ఇక్కడ వేశాక కనీసం ఆరు వారాలు ఆగాలని, లేదా ముందే అనుమతి తీసుకోవాలని చెప్పి ఆ తేదీ క్యాలెండర్లో పెట్టుకున్నాం.

వేసిన క్లెయిమ్‌లు, వచ్చిన అభ్యంతరాలు

కంప్లీట్ స్పెసిఫికేషన్‌లో క్లెయిమ్‌లను మెట్లుగా పేర్చాను. మొదటిది వెడల్పుగా: డ్రైవుల రైటింగ్ ఆలస్యాన్ని, టెంపరేచర్‌ను రెండిటినీ చూసి ఫ్యాన్ వేగం ఎంచుకునే స్టోరేజ్ పరికరం. తర్వాతి మెట్టులో ఒక చివర మూసిన అరలున్న ప్లేటు. ఆ కింద, అర లోతుకు సరిపోయే వేగాల పరిధిలోనే ఫ్యాన్లను నడిపే కంట్రోలర్. ఆ కింద, గాలి టెంపరేచర్‌ను బట్టి ఆ పరిధిని జరపడం.

మొదటి క్లెయిమ్ నిలబడుతుందన్న నమ్మకం తక్కువే. అయినా పెట్టడానికి కారణం సెక్షన్ 59. దరఖాస్తు వేశాక క్లెయిమ్‌లను కుదించుకోవచ్చు, పెంచడం కుదరదు. సవరించిన క్లెయిమ్ మొదట వేసినవాటి పరిధిలోనే ఉండాలి. పైమెట్టు వెడల్పుగా ఉంటేనే కింది మెట్ల మీద నిలబడే చోటు ఉంటుంది.

స్టార్టప్ కాబట్టి త్వరిత పరిశీలనకు ఫారం 18ఏ వేశాం. మనకు చెన్నై పేటెంట్ ఆఫీసు. ఎఫ్‌ఈఆర్‌లో (పేటెంట్ ఆఫీసు పంపే మొదటి పరిశీలన నివేదికలో) రెండు పాత పేటెంట్లు చూపించారు. ఒకటి డ్రైవుల పనితీరును బట్టి ఫ్యాన్ వేగం మార్చేది. ఇంకొకటి ఫ్యాన్ల ముందు ధ్వనిని తగ్గించే ప్లేటు పెట్టేది. రెండూ కలిపితే మీది వచ్చేస్తుంది కాబట్టి సెక్షన్ 2(1)(జేఏ) ప్రకారం ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసిన మనిషికి సులువుగా తట్టని ముందడుగు) లేదన్నారు. ఎవరి పని వాళ్లు చేసుకునే తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టారు, అలాంటి కూర్పుకు పేటెంట్ ఇవ్వని సెక్షన్ 3(ఎఫ్) దీనికి వర్తిస్తుందన్నారు. కంట్రోలర్ చేసేది అల్గారిదమ్ కాబట్టి, అల్గారిదమ్‌లకు పేటెంట్ ఇవ్వని 3(కె) కూడా అన్నారు.

ఫలించనివి

మా మొదటి జవాబులో రెండు వాదనలున్నాయి. ఒకటి కరెంటు ఆదా. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది, వేగం 10 శాతం తగ్గిస్తే పవర్ 27 శాతం తగ్గుతుంది. మా పద్ధతిలో ఫ్యాన్లు అనవసరంగా పరుగెత్తవు కాబట్టి ఆదా గణనీయమని, చట్టంలోని ఆర్థిక ప్రాధాన్యం అన్న మాటకు అది సరిపోతుందని వాదించాం. క్లయింటుకు ఇది బాగా నచ్చిన వాదన, వాళ్ల మార్కెటింగ్ అంతా దాని మీదే. ఎగ్జామినరుకు ఆనలేదు. ఏ ఫ్యాన్‌ను ఏ కారణంతో నెమ్మదింపజేసినా ఆ ఆదా వస్తుంది, అది మీ ఆవిష్కరణ వల్ల వచ్చింది కాదు అన్నారు. ఆ మాటలో బలం ఉంది. ఆర్థిక ప్రాధాన్యం ఉన్నా, ఆ రంగం తెలిసిన మనిషికి తట్టనిదై ఉండాలన్న షరతు తప్పదు.

రెండోది, ఒక కాగితం కూలింగ్ రంగం, ఇంకొకటి ధ్వని రంగం, రెండిటినీ కలపాలని ఎవరికీ తట్టదు అన్నది. నా వెతుకులాటలో కనపడ్డ తీరు అదే కదా. కానీ వాళ్లు చూపించిన రెండో పేటెంట్‌లోనే డ్రైవుల కంపనం ప్రస్తావన ఒక వాక్యంలో ఉంది. ఆ ఒక్క వాక్యం మా గోడను కూల్చేసింది.

ఈలోగా క్లయింటు ప్లేటును మెరుగుపరిచి వేర్వేరు లోతుల అరలు పెట్టారు. దాన్ని ఈ దరఖాస్తులోకి చేర్చమన్నారు. కుదరదు, మొదట రాయనిది తర్వాత జొప్పించడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. దానికి వేరే దరఖాస్తు వేయాలి. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. స్పెసిఫికేషన్‌లోకి కొత్త విషయం చేర్చకూడదు గానీ, అందులో ఉన్న విషయం నిజమని చూపడానికి కొత్త పరీక్షల ఫలితాలను సాక్ష్యంగా ఇవ్వవచ్చు. మాకు దారి అక్కడ దొరికింది.

ఫలించినది

3(ఎఫ్) అభ్యంతరాన్ని మళ్లీ మళ్లీ చదివితే అందులోనే జవాబు కనపడింది. "ఎవరి పని వాళ్లు చేసుకునే" పరికరాలు అన్నారు. మా ప్లేటు, మా కంట్రోలరు అలా ఉన్నాయా? అర ఒక సన్నని పరిధిలోని స్వరాన్నే అణచగలదు. ఫ్యాన్ వేగం మామూలు కంట్రోలర్ చేతిలో ఉంటే ఆ పరిధిలో ఎప్పుడో ఒకసారి మాత్రమే నడుస్తుంది, కాబట్టి ప్లేటు దాదాపు అలంకారమే. అరలు లేకపోతే కంట్రోలర్ వెతుక్కోవడానికి మంచి వేగం అనేదే ఉండదు. ఒకటి లేకపోతే రెండోది పనికిరాదు.

దీన్ని మాటల్లో చెబితే నమ్మరు. నాలుగు పరీక్షలు చేయించాం: అరలు మూసి పాత కంట్రోలర్, అరలు తెరిచి పాత కంట్రోలర్, అరలు మూసి కొత్త కంట్రోలర్, అరలు తెరిచి కొత్త కంట్రోలర్. అరలు మూయడానికి వాడింది ఆ ప్యాకింగ్ టేపు పద్ధతే, ప్రొవిజనల్‌లో దాని వర్ణన ఉంది కాబట్టి కొత్తగా కల్పించారని ఎవరూ అనలేరు. మధ్య రెండు పరీక్షల్లో రైటింగ్ కొద్దిగానే మెరుగైంది. నాలుగో దాంట్లో వచ్చిన మెరుగుదల ఆ రెండిటి మొత్తం కంటే బాగా ఎక్కువ. ఒకటీ ఒకటీ కలిపితే రెండు రావాల్సిన చోట ఇంకా ఎక్కువ వచ్చిందంటే అవి ఒకదాన్నొకటి నడిపిస్తున్నాయని అర్థం. పరీక్షలు చేసినవాళ్ల ప్రమాణపత్రంతో ఈ ఫలితాలు జతచేశాం.

హియరింగ్ వీడియో కాన్ఫరెన్సులో జరిగింది. కంట్రోలర్ గారు (అంటే పేటెంట్ ఆఫీసు అధికారి) అడిగిన అసలు ప్రశ్న ఒకటే: "ప్లేటు తీసేస్తే మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?" ఎంచుకోవడానికి వేగమే ఉండదని చెప్పి, మూడో పరీక్ష ఫలితం చూపించాం. 3(కె)కు కూడా అదే జవాబు అయింది. ఈ లెక్క కాగితం మీద ఉండిపోయే లెక్క కాదు, ఒక లోహపు అర లోతుతో, అందులోని గాలి వేడితో ముడిపడి, డ్రైవ్ హెడ్ కదలికను తగ్గించే లెక్క. 2019లో ఫరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ఫలితం చూపే ఆవిష్కరణను కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉందన్న కారణంతోనే తోసిపుచ్చకూడదని చెప్పిన మాటను రాతపూర్వక వాదనలో ఉటంకించాను. అయితే మా బలం ఆ తీర్పు మీద లేదు, ప్లేటు మీద ఉంది.

చివరి బేరం టెంపరేచర్ సవరణ దగ్గర వచ్చింది. నాలుగు మెట్లనూ కలిపి ఒకే ప్రధాన క్లెయిమ్ చేస్తే ఒప్పుకుంటామన్న సూచన కనపడింది. ఫౌండర్లు వెనకాడారు, అంత కుదిస్తే పోటీదారు పక్కనుంచి దాటిపోతాడని. నేను అడిగింది ఒకటే: టెంపరేచర్ సవరణ లేకుండా మీ బాక్సును నకలు చేసేవాడు బాగా నడపగలడా? గాలి 20 నుంచి 40కి వెళ్తే అర అణిచే స్వరం 3 శాతానికి పైగా జరుగుతుంది. అంత సన్నని పరిధికి అది చాలు, వాడి ప్లేటు మధ్యాహ్నానికల్లా పనిచేయడం మానేస్తుంది. అంటే ఆ షరతు చేర్చినా మనం వదులుకునేది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే ఉపయోగపడే నకలు ప్రతిదానిలోనూ అది ఉండి తీరాలి. క్లెయిమ్ వెడల్పును అందులోని మాటల సంఖ్యతో కొలవకూడదు, పోటీదారుకు వదిలిన దారులతో కొలవాలి. స్పాంజి లాంటి ధ్వని పీల్చే పదార్థం వాడేవాళ్లు మాత్రం మా పరిధిలోకి రారు. అది గాలికి అడ్డుపడుతుంది, దుమ్ము పట్టి కొన్నాళ్లకు రాలుతుంది. ఆ దారి వదిలేయడానికి క్లయింటు ఒప్పుకున్నారు. పేటెంట్ మంజూరైంది.

ఈ కేసు నుంచి నా పద్ధతిలో చేరినవి

ల్యాబ్ రికార్డు చూడకుండా కూలింగ్ దరఖాస్తు రాయడం మానేశాను. క్లయింటును అడిగే ప్రశ్నల కాగితంలో మొదటి ప్రశ్న మార్చాను. ఇంతకు ముందు "మీ పరికరంలో కొత్తదేమిటి" అని ఉండేది. ఇప్పుడు "టెస్టింగులో ఎప్పుడు, ఏం చేస్తే, అనుకున్నదానికి వ్యతిరేకంగా జరిగింది? దాన్ని మొదట గమనించింది ఎవరు?" అని ఉంటుంది. రెండో సగం ఇన్వెంటర్ల జాబితా కోసం.

వెతుకులాటలో సమస్య ఉన్న క్లాసుతోపాటు, ఆ పరిష్కారం చెడగొట్టే విషయం ఏ క్లాసులో ఉంటుందో అక్కడ కూడా చూస్తాను. ఫ్యాను వేడి తగ్గిస్తుంది, ధ్వని పెంచుతుంది. ద్రవంతో చల్లబరిస్తే లీకేజీ, ద్రవం రసాయన స్వభావం, వాటి నియంత్రణ వస్తాయి. 3ఎం కంపెనీ పీఫాస్ (కొన్ని కూలింగ్ ద్రవాల్లో ఉండే ఫ్లోరిన్ రసాయనాలు) తయారీ 2025 చివరికల్లా ఆపేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించాక, ఇమ్మర్షన్ కూలింగ్ (పరికరాన్ని ద్రవంలో ముంచి చల్లబరచడం) మీద రాసేటప్పుడు ఒక్క ద్రవాన్నే నమ్ముకున్న క్లెయిమ్ రాయడం లేదు.

రెండు తెలిసిన భాగాలు కలిసిన ఆవిష్కరణ వస్తే, నాలుగు పరీక్షల పట్టిక దరఖాస్తు వేయకముందే చేయించి స్పెసిఫికేషన్‌లోనే పెడుతున్నాను. ఎఫ్‌ఈఆర్ వచ్చాక చేయించడం కంటే ఖర్చు తక్కువ, బలం ఎక్కువ.

ప్రస్తుతం వేర్వేరు లోతుల అరల ప్లేటు మీద రెండో దరఖాస్తు పరిశీలనలో ఉంది. మొదటి పేటెంట్‌కు మూడో సంవత్సరం నుంచి రెన్యువల్ ఫీజు కడుతున్నారు. పేటెంట్‌ను ఎలా వాడుతున్నారో తెలిపే ఫారం 27 మూడేళ్లకొకసారి వేస్తే సరిపోయేలా రూల్స్ మారాయి కాబట్టి అమ్మిన బాక్సుల లెక్క విడిగా ఒక షీటులో రాయిస్తున్నాం. ఎస్‌ఎస్‌డీ బాక్సు కూడా తయారవుతోంది. అందులో తిరిగే డిస్కు లేదు, హెడ్ లేదు, ఫ్యాన్ మోతతో పనిలేదు. కాబట్టి ఈ పేటెంట్ దానికి అక్కరకు రాదని ముందే రాతపూర్వకంగా చెప్పాను. వాటి టెస్టులు ఇప్పుడే మొదలయ్యాయి.